ఆటోలో చూసిన నా చావు కబురు

నేను నెల్లూరులో బట్టల షాపులో పనిచేస్తాను. నిరుడు ఒక సాయంత్రం షేర్ ఆటోలో మైపాడుకు తిరిగొస్తున్నాను. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. పక్కనున్న ఆవిడ తన ఫోన్‌లో ఒక న్యూస్ చానల్ వీడియో చూపించి, "పాపం, ఈ పిల్ల మైపాడు బీచ్‌లో మునిగి చనిపోయిందంట" అంది.

వీడియోలో ఉన్నది నా ఫొటో! బీచ్‌లో దిగి నేనే ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నది.

"అది నేనేనక్కా!" అన్నాను.

ఆమె నన్నూ ఫోన్‌నూ మార్చి మార్చి చూసి, "న్యూస్‌లో వచ్చిందే!" అంది.

అమ్మ ఇది చూసుంటుందేమోనని భయమేసింది.

ఆటో దిగి పరిగెత్తాను. ఇంటి ముందంతా జనం. వాకిట్లో కూలబడి ఏడుస్తున్న అమ్మ, నన్ను చూసి కేకపెట్టి వాటేసుకుంది. నా ముఖం, చేతులు తడిమి తడిమి చూసింది.

"నాకేం కాలేదమ్మా. ఫొటో తప్పు పెట్టినారు" అన్నాను.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ చానల్ వాళ్లను తిట్టారు. అమ్మ మాత్రం నా చెయ్యి వదలకుండా, "మరి పోయిన బిడ్డ ఎవురుమే? వాళ్లమ్మకి తెలిసిందో లేదో!" అంది.

మర్నాడు ఆ వీడియో తీసేశారు. చనిపోయిన అమ్మాయి ఎవరో మాత్రం ఆ చానల్ చెప్పనే లేదు. ఆమె తల్లి కోసం మా అమ్మ ఇప్పటికీ బాధపడుతూనే ఉంటుంది.

– సుజాత, మైపాడు