ఊరేగింపులో నేను, గడ్డిలో నా చెప్పులు

పిల్లలిద్దరూ యూనివర్సిటీకి వెళ్లిపోయాక, కారు వెనక తగిలించుకునే చిన్న చక్రాల ఇల్లు, అదే కారవాన్, ఒకటి కొందామని ఇక్కడ ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ దగ్గర జరిగిన కారవాన్ల షోకి వెళ్లాం. మంచం మీద పడుకుని చూడనిదే ఏదీ కొననివ్వనని నా పట్టుదల. మావారు టీ తేవడానికి వెళ్లారు. ఓ పాతకాలపు కారవాన్ తలుపు తీసి ఉంటే, అలవాటుగా గడ్డిలో చెప్పులు విప్పి, లోపలికెక్కి నడుం వాల్చాను.

ఎవరో బయటి నుంచి తలుపు మూశారు. కారవాన్ కదిలింది. కిటికీ అద్దం బాదుతూ అరిచాను. బయట బారులు తీరిన జనం నవ్వుతూ నాకు చేతులు ఊపారు. పాత వాహనాల ఊరేగింపు మొదలైందని అప్పుడర్థమైంది. ఏడుస్తూ కనపడకూడదనుకుని, జుట్టు సర్దుకుని నేనూ చెయ్యి ఊపాను. జనంలో మావారు ఒక చేత్తో టీ, ఇంకో చేత్తో నా చెప్పులు పట్టుకుని పరుగెడుతున్నారు.

మైదానం చుట్టొచ్చాక, తలుపు తీసిన ముసలి యజమాని నన్ను చూసి తెల్లబోయాడు.

"చెప్పులు లోపల విప్పొచ్చుగా పద్మా," అన్నారు మావారు.

"ఇంట్లోకి చెప్పులేసుకుని వెళ్తామా అండీ?"

ఇప్పుడు మాకూ ఓ కారవాన్ ఉంది. చెప్పులు బయటే విప్పుతాను. కారు స్టార్ట్ చేసేముందు మావారే వెనక్కి వెళ్లి గడ్డిలోకి చూసొస్తారు.