తనిఖీకి ముందు స్నానం

మా తనిఖీ అధికారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ స్టేడియానికి వెళ్ళినా ముందు స్నానం చేయాలి. మంచినీళ్ళిస్తే వద్దంటారు, కుర్చీ వేస్తే కూర్చోరు. భుజాన తువ్వాలు వేసుకుని తిన్నగా అతిథి జట్టు డ్రెస్సింగ్ రూముకి వెళ్ళి గడియ పెట్టుకుంటారు. ఆ తర్వాత లోపల్నుంచి నీళ్ళ చప్పుడు, దాంతోపాటు ఓ పాట. పాట గురించి ఎక్కువ చెప్పను. నీళ్ళ చప్పుడే నయం.

జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యలో మాది లైసెన్సుల విభాగం. సీజను మొదలయ్యేలోగా లీగులోని ప్రతి క్లబ్బు మైదానాన్నీ మేం చూసి రావాలి. మెట్లు, దీపాలు, గేట్లు సరిగ్గా ఉంటేనే లైసెన్సు. లేకపోతే ఎంత మొనగాళ్ళ జట్టయినా కింది లీగుకి దిగిపోవాల్సిందే. సారు కంట్లో పడిన లోపం రిపోర్టులోకి ఎక్కకుండా ఆపడం ఆ దేవుడి తరం కూడా కాదు. ఆయన కింద అసిస్టెంటుగా నా ఉద్యోగమల్లా డ్రెస్సింగ్ రూము తలుపు బయట నిలబడి కాపలా కాయడం.

సమాఖ్యలో అందరూ ఆయన్ని తడి సారు అంటారు. ఒక పెద్ద క్లబ్బు వాళ్ళు ఈ సంగతి తెలిసి ఏకంగా పాలరాతి బాత్రూమే కట్టించారు. పన్నీరు, మెత్తటి తువ్వాళ్ళు, కాళ్ళ కింద తివాచీ. సారు ఇలా వెళ్ళి అలా వచ్చేశారు. జుట్టు కూడా సరిగ్గా తడవలేదు.

"నీళ్ళు బాగాలేవా సార్?" అన్నాడు మేనేజరు ఏడుపు మొహంతో.

"బ్రహ్మాండంగా ఉన్నాయి. మీ స్టేడియం కూడా అలాగే ఉంది. ఇంక నానడం దేనికి?"

ఈ మాటకి అర్థమేమిటో అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

ఈ ఏడు ఒక చిన్న ఊరి క్లబ్బు మొట్టమొదటిసారి పై లీగుకి వచ్చింది. సగంమంది ఆటగాళ్ళు చేస్తున్న ఉద్యోగాలు మానేసుకుని మరీ వచ్చారు. లైసెన్సు రాకపోతే వీధిన పడాల్సిందే. మేం కారు దిగేసరికి కార్యదర్శిగారు ఎదురొచ్చింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, ఇవాళ స్నానం వద్దండీ. వేణ్ణీళ్ళు రావడం లేదు. ఈ చలిలో చన్నీళ్ళంటే..."

"పర్వాలేదమ్మా. అన్నట్టు, స్నానం కాగానే మొదట తూర్పు గేటు చూస్తాను. ఏదైనా ప్రమాదం జరిగితే జనమంతా బయటపడాల్సింది అటునుంచే కదా. నిన్నటి వానకి బిగుసుకుపోయిందేమోనని నా అనుమానం."

ఆయన అలా లోపలికి వెళ్ళారో లేదో, ఆవిడ చెప్పులు చేతబట్టుకుని తూర్పుకి పరుగెత్తింది. గేటు నిజంగానే బిగుసుకుపోయింది. కెప్టెను గునపం తెచ్చాడు. గోల్‌కీపరు పార పట్టాడు. వెల్డరు ఎక్కణ్నుంచో సామానుతో ఊడిపడ్డాడు. లోపల పాట ఆగితే ఇక్కడ అందరూ బొమ్మల్లా నిలబడిపోవడం, మళ్ళీ మొదలైతే పనిలో పడటం. ఆ పాట విని జనం సంతోషించడం నేను చూసింది అదే మొదటిసారి.

నాకు భయమేసి తలుపు కొట్టాను. "సార్, అయిందా?"

"వీ...వీపు రుద్దుకోలేదయ్యా ఇంకా!" పళ్ళు టకటకలాడుతున్నాయి.

"బయటికి వచ్చెయ్యండి సార్, జబ్బు చేస్తుంది."

"గేటు దగ్గర ఏదో చప్పుడవుతోందా?"

"వెల్డింగు సార్."

"నాకేం వినపడటంలేదు. అయితే మోకాళ్ళు కూడా రుద్దుకుంటాను."

అప్పుడు వెలిగింది నాకు.

చప్పుళ్ళన్నీ ఆగాక, పెదాలు నీలంగా మారిపోయి బయటికొచ్చారు. తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళి, బలమంతా పెట్టి భుజంతో తోశారు. అది ఎంత సులువుగా తెరుచుకుందంటే, సారు వెళ్ళి వీధిలో బోర్లా పడ్డారు.

"భేష్!" అన్నారు నేలమీంచే. "లైసెన్సు ఇవ్వొచ్చు." కార్యదర్శిగారు గేటు పట్టుకుని భోరుమంది. గోల్‌కీపరు వెల్డర్ని అమాంతం ఎత్తేశాడు.

కారెక్కాక అడిగాను. "మొదట్నుంచీ కావాలనే చేస్తున్నారా సార్ ఇదంతా?"

"తనిఖీ మొదలయ్యాక కంటపడింది దాచకూడదు, అది రూలు. ఎప్పుడు మొదలెట్టాలో రూల్లో లేదు."

"మరి కిందటేడు మీ బావమరిది క్లబ్బుకి లైసెన్సు ఆపేశారు కదా?"

"నేను గంట నానాను. వాడు అంతసేపూ కుర్చీలో గుర్రుపెట్టాడు. నేనేం చెయ్యను?" అని తుమ్మారు. దారి పొడుగునా తుమ్ముతూనే ఉన్నారు.

మర్నాడు జ్వరమని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకున్నారు. డాక్టరు వారం దాకా స్నానం మాటే ఎత్తొద్దన్నాడట.

"పాపం అక్కయ్యా, స్నానమంటే సారుకి ప్రాణం కదా," అన్నాను సారు భార్యతో.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరికీ, ఈయనకా? చెంబుడు నీళ్ళు చూస్తే ఆమడ దూరం పరుగెడతారు తమ్ముడూ! రోజూ వెంటపడి తరిమితే గానీ బాత్రూం గడప తొక్కరు. డాక్టరు ఆ మాట అన్న దగ్గర్నుంచీ చూడు, మొహం ఎలా వెలిగిపోతోందో!"

"ఆఫీసు సంగతులు ఇంట్లో దేనికయ్యా," అని గొణిగి, సారు అటు తిరిగి పడుకున్నారు.