నాయన చేతిలో అగ్గిపెట్టె

ఆ ఎండాకాలం కదిరి దగ్గర మా ఊరి కొండకు అటవీశాఖ వాళ్లు నన్ను మంటల కాపలాకు పెట్టుకున్నారు. ఎండిన బోదగడ్డి మధ్య మంట దాటకుండా బాటలాగా నేల చెక్కడం, పొగ కనిపిస్తే పరుగెత్తి పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం నా పని. దుమ్ము లేచినా పొగేమోనని ఉలిక్కిపడేదాన్ని.

అసలు భయం మా ఇంట్లోనే ఉంది. పాత గడ్డి కాలిస్తే తొలి వానకు లేత గడ్డి వస్తుందని, మా నాయన గొర్రెల కోసం ఏటా కొండవాలుకు నిప్పు పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం మంద కింద మేస్తోంది, ఆయన మాత్రం కనిపించలేదు. పైకి పరుగెత్తాను. గడ్డి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో అగ్గిపెట్టె.

"ఏం చేస్తాండావు నాయనా?"

"ఏటా చేసేదే. కాల్చకపోతే గొర్రెలకు మేత యాడ్నుంచి వస్తాది?"

"గాలి చూడు. అంటుకుంటే ఆర్పేకి ఈడ నేనొక్కదాన్నే ఉండేది."

ఆయన నా చేతుల వైపు చూశాడు. కిందటి వారం మంట ఆర్పినప్పుడు లేచిన బొబ్బలు ఇంకా మానలేదు. అగ్గిపెట్టె నాకిచ్చి, "అయితే కొడవళ్లు తీసుకురా, కోసుకొని పోదాం" అన్నాడు.

పొద్దుగూకేదాకా ఇద్దరం గడ్డి కోశాం. అయినా నాకు నమ్మకం కుదరలేదు. అది ఆయనకూ తెలుసు. రోజూ మందను తోలుకుపోయే ముందు చొక్కా జేబు బయటికి లాగి చూపించేవాడు. చూసి కూడా, తొలి వాన పడేదాకా నేను కొండ మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.