కిటికీ మీద బొట్టు

కన్యాకుమారికి పొద్దుటి నుంచీ ముద్ద దిగలేదు. విజయనగరంలో కెమిస్ట్రీ లెక్చరర్. కాలు బెణికి ఇంట్లో పడి ఉంది గానీ ప్రాణమంతా భర్త నాగబాబు దగ్గరే ఉంది. ఆమె కాలేజీలోనే పనిచేసే అతను, ఆమె బదులు ఆమె ప్రయోగాన్ని ఉత్తరాదిలోని పెద్ద ఎక్స్‌రే యంత్రం దగ్గరికి పట్టుకెళ్లాడు. సాయంత్రం దాటితే యంత్రం వేరేవాళ్లది. మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

ఇనుము కలిసిన ఆమె ద్రావణం మీద లేజర్ పడితే, చర్య పూర్తయ్యేలోపు ఒక మధ్యరూపం పుట్టి మాయమవుతుందని ఆమె వాదన. అది బతికేది సెకనులో లక్షో వంతు. కంటికి దొరకదు. ఇనుము ఎక్స్‌రేని మింగే తీరు రవ్వంత మారితే, అదే సాక్ష్యం. ఆ రవ్వంత కోసం ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుంది.

ఫోన్ మోగింది.

"ఇనుము బోలెడు కనపడతంది గానీ కంప్యూటర్లో గీత కదల్దే. లేజరేసినా అంతే, ఆపినా అంతే," అన్నాడు నాగబాబు.

"ద్రావణం ఆపీసి ఉత్త నీళ్లు పంపి సూడు బావా."

ఉత్త నీళ్లలోనూ ఇనుమే! ద్రావణం పారే చిన్న పెట్టెకి ఎక్స్‌రే దూరే కిటికీ ఒకటుంది; ఇనుమున్నదేదో దానికే అంటింది. ఫోన్ పట్టుకునే వంటింటి వైపు తిరిగింది.

"అత్తా, బావ పట్టుకెల్లిన పెట్టెకి బొట్టు గానీ ఎట్టావేటి?"

"ఎట్టకుండా ఎలాగ పంపుతానే?" అంది జగ్గమ్మ. "ఎనకవైపు ఎట్టాను. కనపడితే ఆడు తుడిసీయడూ!"

బజారు కుంకుమలో ఎర్రమన్ను, ఎర్రమన్నులో ఇనుము. తుడిచెయ్యమని చెప్పబోయి కన్యాకుమారి ఆగింది. మొగుడు ఊరుగాని ఊళ్లో ఉండగా బొట్టు చెరపమని పెళ్లామే చెప్పడమా! పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పే మనిషి చెయ్యి తన నుదుటి మీదికి పోయింది. తన మీద తనకే ఒళ్లు మండింది. భయం మాత్రం పోలేదు.

"సెరిపీమంటావేటే? ఆడక్కడ ఉండగా?" అంది అత్త.

కన్యాకుమారి తలూపింది. జగ్గమ్మ "నీ కష్టమంతా అందులోనే ఉన్నాది కదే," అంటూ తనే ఫోనందుకుంది. "ఒరే నాగబాబూ, పెట్టెకి ఎనకవైపు బొట్టున్నాది. తుడిసీ. నాను సెప్తన్నాను."

కిటికీకి ఉన్నది పల్చటి ప్లాస్టిక్ పొర. గట్టిగా రుద్దితే చిరుగుతుంది, అంతటితో సరి. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఎంతసేపటికో నాగబాబు కేక వినపడింది. "వచ్చీసిందే! లేజరేస్తే గీత జరుగుతంది, అంతలోనే ఎనక్కొచ్చీస్తంది! నువ్వు సెప్పిందే నిజం!"

ఏళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకున్న మనిషి అత్త దగ్గర ఫోను లాక్కుంది గానీ గీత సంగతి అడగనే లేదు.

"నువ్వు బాగున్నావా బావా?" అంది. ఏడుపు ఆగలేదు.