అత్తగారి పేరు మీద నిద్ర

బ్రేకు మాస్టారికి ఏ అలవాటూ లేదు. ఈ సంగతి ఆయన దగ్గర కారు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే తెలిసేది. క్లచ్ ఎక్కడుందో చూపించడానికి ముందే ఆయన అది చెప్పేవాడు మరి.

"సిగరెట్టు ముట్టను. మందు వాసనే పడదు. టీ కూడా రోజుకి ఒక్కసారే. మనిషన్నాక తనమీద తనకి అదుపుండాలి. అదుపు లేనివాడు స్టీరింగ్ పట్టుకోకూడదు."

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో, తన కాళ్ళదగ్గర కూడా ఒక బ్రేకు పెట్టించుకుని కూర్చునేవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన కుడిపాదం ఎదుటివాళ్ళ తప్పుని జరగకముందే పసిగట్టి తొక్కేసేది. కొన్నిసార్లు జరగని తప్పుకి కూడా తొక్కేసేది. అందుకే ఆ పేరు.

ఇంత నిష్ఠాపరుడు పదకొండేళ్ళుగా రోజూ నిద్రమాత్ర మింగేవాడు. అయితే అది అలవాటు కాదు, వైద్యం. ఆ తేడా తెలియని మూర్ఖులతో ఆయన ఎన్నడూ వాదించలేదు. అసలు ఎవరికైనా చెబితే కదా వాదన!

మొదలైంది పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ జరిగినప్పుడు. డాక్టరు పదిరోజులకి పది మాత్రలు రాసిచ్చాడు. పదిరోజులూ మాస్టారు పసిపిల్లాడిలా పడుకున్నాడు. పదకొండోరోజు నిద్ర పట్టలేదు. ఒక్కరోజు నిద్ర చెడితే లోకంలో ఎవరూ పోలేదు గానీ, మాస్టారు అంత సాహసం చేసే మనిషి కాడు. పాత చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళాడు. చీటీ మడతల దగ్గర చిరిగితే జిరాక్సు తీయించాడు. అది వెలిసిపోతే దానికింకో జిరాక్సు. చివరికి ఆ అక్షరాలు రాసిన డాక్టరు కూడా చదవలేని స్థితికి వచ్చాయి. మొదట్లోనూ అంతే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

ఒకటి ఒకటిన్నరయింది. ఒకటిన్నర రెండయింది, మూడయింది. ఒకేచోట ఇన్ని కొంటే ఎవడో ఒకడు అడుగుతాడు. అందుకని మాస్టారు తన అవసరాన్ని నాలుగు షాపులకి సమానంగా పంచి, నాలుగుచోట్లా నలుగురు రోగుల్ని సృష్టించాడు. ఆస్పత్రి ఎదురుగా ఉన్న షాపులో అన్నయ్య కోసం. నిజానికి ఇంటికి పెద్దకొడుకు మాస్టారే. బస్టాండు దగ్గర మేనత్త కోసం. ఆవిడ పోయి ఆరేళ్ళు. రైలుగేటు అవతల రిటైరైన గురువుగారి కోసం. వీధి చివరి షాపులో మాత్రం దొడ్డమనసుతో తన ఇంట్లోనే ఉంటున్న అత్తగారి కోసం.

ఆ అత్తగారి నిద్ర గురించి చెప్పాలంటే, పక్కవాటా వాళ్ళనే అడగాలి. ఆవిడ గురకకి వాళ్ళు మంచాన్ని రెండుసార్లు గది మార్చారు. పగలు రెండు గంటల కునుకు అదనం. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, అత్తపేరు చెప్పి నిద్ర కొనుక్కున్న అల్లుడు మాస్టారొక్కడే.

ఒకరోజు ఉదయం ఏడున్నర క్లాసుకి నర్సమ్మ వచ్చింది. ఆస్పత్రిలో ముప్పై ఏడేళ్ళు చేసి రిటైరైన మనిషి. అరవై రెండేళ్ళకి కారు నేర్చుకుంటున్నందుకు ఆమెకి సిగ్గులేదు; ఆ సిగ్గేదో ఆమె తరఫున మాస్టారే పడేవాడు. "అద్దం చూడండి. అద్దం అంటే బొట్టు సరిచూసుకోడానికి కాదు" అని రోజుకోసారైనా అనేవాడు.

ఆరోజు పెద్దరోడ్డు మొదట్లో "సెకండ్ గేరు" అన్నాడు. తరవాత ఏమీ అనలేదు. నర్సమ్మ తనంతట తనే మూడో గేరు వేసింది. తిట్లు రాలేదు. తనకి బాగా వచ్చేసిందనుకుని మురిసిపోయింది. రెండు సిగ్నళ్ళు దాటాక పక్కకి చూస్తే, మాస్టారు గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు. పెదవి చివర చిన్నగా చొంగ. ఆవిడ హారన్ కొట్టలేదు, కేక వెయ్యలేదు. మెల్లగా ఒక చెట్టునీడన ఆపి, ఇండికేటర్ కూడా వేసి, ఇంజన్ ఆపింది. ఇరవై నిమిషాల తరవాత మాస్టారికి మెలకువ వచ్చింది.

"ఎందుకాపారు? ఎవరాపమన్నారు?"

"మీరు నిద్రపోయారు మాస్టారూ."

"నిద్రేమిటి! కళ్ళు మూసుకుని ఇంజన్ శబ్దం వింటున్నాను."

"ఇంజన్ ఆపేసి చాలాసేపయింది." ఆవిడ ఆయన చేతివేళ్ళు చూసింది, కళ్ళు చూసింది. "రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు?"

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. గురువుకి రోగం అంటగట్టే శిష్యులకి తను పాఠం చెప్పనన్నాడు. "సరే, రేపు ఏడున్నరకే వస్తాను" అని ఆవిడ దిగి వెళ్ళిపోయింది.

నర్సమ్మ నోరు మూయించవచ్చు గానీ, అత్తగారి దగ్గు ఎవరు ఆపగలరు? ఆ వారంలోనే ఆవిడ దగ్గుబిళ్ళల కోసం వీధి చివరి షాపుకి వెళ్ళింది. ఇంటి నంబరు చెప్పగానే షాపతను లేచి నిలబడ్డాడు.

"మీరేనామ్మా! ఇన్నేళ్ళకి చూశాను. ఇప్పుడైనా కాస్త నిద్ర పడుతోందా? పాపం, మీ అల్లుడుగారు మీకోసం ఎంత తిరుగుతారో!"

అత్తగారు దగ్గుబిళ్ళలు మరిచిపోయి ఇంటికొచ్చింది. మాస్టారి భార్య ముందుగదిలో స్కూలు యూనిఫారాలు కుడుతోంది. తల్లి చెప్పింది విని మిషను ఆపేసింది. మాస్టారు భోజనానికి వచ్చేసరికి ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని ఉన్నారు.

"అల్లుడుగారూ, నాకు నిద్ర పట్టడం లేదట కదా. నాకో మాట చెప్పకపోయారా, నేనూ బెంగపడేదాన్ని."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. భార్య మాత్రం అరవలేదు. "ఏమండీ, ఎన్నేళ్ళనుంచి?" అని ఒక్కటే అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని, "అయితే నేను మాట్లాడిందంతా ఎవరితో మాట్లాడినట్టు?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడంకన్నా వీరుడైపోవడం సులువనిపించింది మాస్టారికి. ఉన్న మాత్రలన్నీ తెచ్చి ఇద్దరి ఎదుటా సింకులో పోసి కుళాయి తిప్పాడు. "ఈరోజుతో సరి. ఇదంతా మనోబలం మీద ఆధారపడిన విషయం" అన్నాడు.

మనోబలం రెండురోజులు బాగానే పనిచేసింది. అంటే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మిషను చప్పుడు చెవిలో మేకు కొట్టినట్టుంది, రెప్పవాలలేదు. మూడోరోజు ఉదయం అత్తగారికి మనోబలం గురించి వివరిస్తూ ఉండగానే మాట నాలుకమీద ఆగిపోయింది. మనిషి విరుచుకుపడ్డాడు. ఫిట్స్. భార్య కత్తిరించి పెట్టుకున్న యూనిఫారం గుడ్డలన్నీ లాగి తలకింద దోపి, పక్కకి తిప్పి పడుకోబెట్టింది. చిన్నపిల్లల చొక్కాల మీద ఆయన రక్తం, ఉమ్మి. అంబులెన్సు వచ్చేదాకా అత్తగారు ఆయన పాదం పట్టుకుని కూర్చుంది, ఆ కుడిపాదమే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నవయసుది. "ఒక్కసారిగా ఎవరాపమన్నారండీ?" అని అడిగింది.

"నేనే. మనోబలంతో."

"మనోబలం మంచిదే. పదకొండేళ్ళు మాత్రకి అలవాటుపడ్డ మెదడుకి ఆ సంగతి తెలియదు కదా. ఇలా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. తెలుసా?"

తెలియదు. ఊళ్ళో వాళ్ళందరికీ తెలియనివన్నీ తెలిసిన మనిషికి ఈ ఒక్కటీ తెలియదు. డాక్టరమ్మ మళ్ళీ మాత్ర మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా, నెలల తరబడి, తను చెప్పిన లెక్క ప్రకారమే తగ్గించాలంది. తను సరేననేదాకా కారు నడపకూడదు, నేర్పకూడదు అంది. మిగతావన్నీ విని ఊరుకున్న మాస్టారు ఈ మాటకి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

పన్నెండురోజులకి ఇంటికి పంపించారు. మాత్రల డబ్బా ఎవరి దగ్గర ఉండాలనే ప్రశ్న వచ్చినప్పుడు, "నా పేరుమీదవే కదా, నా దగ్గరే ఉంటాయి" అంది అత్తగారు. రోజూ వేళకి ఆ రోజు మోతాదు చేతిలో పెట్టి, నీళ్ళు తాగించి, "నోరు తెరవండి, నాలిక ఎత్తండి" అనేది. ఇరవై ఆరేళ్ళు అందరినీ అదిలించిన మాస్టారు రోజూ అత్తగారికి నాలిక ఎత్తి చూపించేవాడు.

గురువారం గురువారం ఆస్పత్రి వెనకగదిలో, ఏదో ఒక అలవాటు మానుకుంటున్న పదిమంది ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చుని తమ సంగతులు చెప్పుకునేవారు. మాస్టారిని అక్కడికి నర్సమ్మ తీసుకెళ్ళేది. ఆవిడకి ఈలోపు లైసెన్సు వచ్చింది, ఆయన సాయం లేకుండానే. ఆవిడ కారుని రెండు గీతలమధ్య కాకుండా గీత మీదే పార్కు చేసేది. మాస్టారు పళ్ళు నూరుకునేవాడు, కానీ ఏమీ అనలేకపోయేవాడు. ఎక్కించుకుని తీసుకొచ్చిన మనిషిని ఏమంటాం!

మొదటిరోజు ఆయన కుర్చీని వరసకి జానెడు వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. పక్కన ఒక ప్లంబరు. తాగుడు మానేసి నాలుగేళ్ళయిందట.

"నాది మీలాంటి కేసు కాదండీ. నాది మందు" అన్నాడు మాస్టారు, గౌరవంగా.

"నాదీ మందే మాస్టారూ" అన్నాడు ప్లంబరు.

గదంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కానీ మరుసటి గురువారం కుర్చీ వెనక్కి జరపలేదు.

ఆరోవారం ఆయనకి నిజంగా కష్టమయింది. అంతకుముందే మోతాదు మరో మెట్టు దించారు. ఒంట్లో చీమలు పాకుతున్నట్టుంది. తెల్లారేదాకా కళ్ళు తెరుచుకుని పడుకుని, మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బయల్దేరి, రైలుగేటు దాటి నడుచుకుంటూ వెళ్ళాడు. పాతషాపు వదిలేసి ఇంకా అవతలున్న షాపుకి. దారిలో కొత్తగా ఒక పినమామగారిని కూడా తయారుచేసుకున్నాడు. షాపావిడ ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు సవరించుకుంది.

"మీరు కారు నేర్పే ఆయనేనా? మీ అత్తగారు వచ్చి వెళ్ళారు. మా అల్లుడు ఎవరి పేరు చెప్పినా ఇవ్వద్దు, పోయినవాళ్ళ పేరు చెప్పినా ఇవ్వద్దు అని చెప్పారు."

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, ఊళ్ళో ఉన్న పందొమ్మిది మందుల షాపులూ తిరిగిందట. పగటినిద్ర మానుకుని మరీ. మాస్టారు ఆ షాపు మెట్లమీద కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చింది. షాపావిడ ఒక గ్లాసు నీళ్ళిచ్చి, తన పని తను చూసుకుంది.

ఆ సాయంత్రం ఆయనే వెళ్ళి అత్తగారికి చెప్పాడు. "తెలుసు, షాపావిడ ఫోన్ చేసింది. మీరొచ్చి చెబుతారా లేదా అని చూస్తున్నా. కాళ్ళు కడుక్కుని రండి, అన్నం తిందురుగాని" అందావిడ.

మొత్తం పది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి డాక్టరమ్మ తగ్గించడం ఆపి, నెలరోజులు అక్కడే నిలిపింది. ఇంత చిన్న ముక్కతో ఏమవుతుందిలే అని తొందరపడ్డ మాస్టారికి ఆ ముక్క లేకుండా ఏమవుతుందో ఒంటికి తెలిసొచ్చింది. చివరి ముక్క వేసుకున్న మర్నాడు ఇంట్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భార్య మాత్రం మిషను దగ్గరకి ఇంకో కుర్చీ లాగి పెట్టింది. ఆయన దానిమీద కూర్చుని గుండీలు అందిస్తూ ఆవిడ చెప్పేవన్నీ విన్నాడు. పదకొండేళ్ళ బాకీ కాబట్టి ఆవిడా త్వరగా ముగించలేదు.

నిద్ర సుఖమెరగదంటారు. మాస్టారి నిద్రకి మాత్రం ఇప్పుడు అన్నీ తెలుసు: కుక్క అరుపు, ఫ్యాను కిర్రు, అత్తగారి గురక. నాలుగైదు గంటలు పడుతుంది, కొన్నిరోజులు అదీ లేదు. లేకపోతే లేచి కూర్చుంటాడు. మర్నాడు ఆవులిస్తాడు, బతికే ఉంటాడు. డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ పక్కసీటుకి వెళ్ళాడు. మొదటిరోజు ఉపన్యాసం ఎత్తేసి, ఇప్పుడు నేరుగా క్లచ్ చూపిస్తున్నాడు. శిష్యులకి ఎంత సమయం మిగిలిందో!

ఒక ఆదివారం కూతురు వచ్చింది. అదే ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, వేరే ఇంట్లో ఉంటుంది. మాస్టారు చాలాసేపు అటూ ఇటూ తిరిగి, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, నీకు డిగ్రీ ఇచ్చినరోజు నేనొచ్చానా?"

"వచ్చావు నాన్నా."

"నాకేమీ గుర్తులేదే. ఏం చేశాను?"

అమ్మాయి తల్లివైపు చూసింది. తల్లి చెప్పమన్నట్టు తలూపింది.

"నా ముందు పిల్ల స్టేజీ ఎక్కినప్పుడు, నేననుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టావు. గట్టిగా. నా పేరు పిలిచేసరికి కూర్చుని నిద్రపోయావు."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ఆ పిల్లకి సారీ చెప్పాను."

మాస్టారు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఆరోజు నువ్వేం కట్టుకున్నావు? మొదట్నుంచీ చెప్పు" అన్నాడు. అమ్మాయి కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని, ఇంటి దగ్గర రిక్షా ఎక్కిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.