కాగితం తడవలేదు

మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాతవాటి కొసలకు అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. అట్లా వేల పోగులు. ధర్మవరంలో మా ఇంట్లో ఆ పని నా భార్యది. గాలికి పోగులు చెదురుతాయని ఫ్యాను కూడా వేయనిచ్చేవాణ్ణి కాదు. కళ్ళు మండుతున్నాయని ఆమె అన్నప్పుడల్లా, మా వీధిలో ఎవరైనా అనే మాటే నేనూ అన్నాను. "బూడిద పడింటాది, కడుక్కో పో." పదేళ్ళు అదే వైద్యం.

నాది చెడ్డ నోరు. పోగు తెగితే వీధి చివరికి వినిపించేలా తిడతాను. ఎంత తిట్టినా ఆమె కంట చుక్క నీరు రాదు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండేది. బత్తలపల్లిలో వాళ్ళమ్మ పోయిన రోజు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరికే కూర్చుంది. బంధువులు గుసగుసలాడుకున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. తిరిగొస్తూ ఆటోలో, నలుగురూ వింటుండగా అన్నాను. "రాయితో సంసారం జేస్తాండా." ఆమె రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

పోయినేడు పోగులు మసక మసకగా ఉన్నాయంటూ వరస తప్పించి అతికింది. అప్పుడు తీసుకుపోయాను హిందూపురం, కంటి డాక్టరు దగ్గరికి. నిజం చెప్పాలి, ఆమె కళ్ళ కోసం కాదు, మగ్గం ఆగిపోతుందని.

డాక్టరమ్మ కింది రెప్పల్లో సన్నటి కాగితం ముక్కలు పెట్టి, కళ్ళు మూసుకోమంది. ఐదు నిమిషాల తర్వాత తీసి నాకు చూపించింది. కొసలు తప్ప తడవలేదు.

"కన్నీళ్ళే ఊరడం లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా?" అని నన్నడిగింది.

"బూడిదేమో అనుకుంటిమి మేడం" అని నా భార్యే చెప్పింది, నన్ను వెనకేసుకొస్తున్నట్టు.

జబ్బుల మీద పోరాడాల్సిన ఒంటి శక్తే దారి తప్పి కన్నీటి గ్రంథుల మీద పడిందట. దాన్ని కంట్లోనే అణిచే చుక్కలు రాసింది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదట్లో మండుతాయి, గుణం కనపడడానికి నెలలు పడుతుంది, మధ్యలో మానొద్దు అంది.

తిరుగు రైల్లో ఆమె ముఖం చూడలేకపోయాను. ఆటోలో అన్న మాట నన్నే పొడుస్తోంది. పెనుకొండలో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మకానికొస్తే కొని ఆమె ఒళ్ళో పోశాను. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. అంతటి మగాణ్ణి.

చుక్కలు నేనే వేసేవాణ్ణి, చేతులు రెండుసార్లు కడుక్కుని. "కారం జల్లినట్లుండాది" అంటూ ఆమె చాప అంచు పిడికిట బిగించేది. ఇక నోరు చేసుకోనని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగో నెలలో ఒక పెళ్ళి చీరల పడుగు వచ్చింది. ఆమె మళ్ళీ రెండు పోగులు తప్పు అతికింది. నా ఒట్టు ఎటు పోయిందో.

"కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అని అరిచాను.

తలెత్తింది. రెండు కళ్ళలోనూ నీళ్ళు నిండి, చెంపల మీదికి జారాయి.

"మందు పనిజేస్తాండాది!" అని ఎగిరినంత పని చేశాను. పక్కింటివాళ్ళు కూడా వినే ఉంటారు. నా తిట్టుకు ఆమె ఏడుస్తోంది, నేను సంబరపడుతున్నాను. అది తెలిసొచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

వేళ్ళకు బూడిద ఉందని మోచేత్తో చెంపలు తుడుచుకుని, తప్పు పోగులు విప్పుతూ అంది:

"ముందు గూడా ఏడ్చేదాన్నే. మాయమ్మ పోయినప్పుడూ ఏడిస్తి. నమ్మేదానికి నీకు నీళ్ళు గావాల్సొచ్చె."