ఫోన్‌లో టీచరమ్మ

సంధ్యారాణి మొగుడు మహిపాల్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడిపే మనిషి. కరోనా వచ్చి, సవారీలు లేక ఇంట్లో కూర్చున్నప్పటి నుంచీ అతని పట్టుదలంతా కూతురు జ్యోతిక చదువు మీద పడింది.

"ఫోన్ల సదువేంది? పిల్ల మూడో తరగతి సదువుతున్నదా, సిన్మా సూస్తున్నదా? ఆదివారం ఊరికి తోలుకపోత. బడి తెరిచేదాంక మా అమ్మ దగ్గరుంటది," అన్నాడు.

నల్గొండ దగ్గరున్న ఆ ఊళ్లో నెట్ దొరకాలంటే వాటర్ ట్యాంక్ ఎక్కాలి. పోతే పిల్ల చదువు గంగలో కలిసినట్టే. సంధ్యారాణికి భయమేసింది. తన చదువు ఏడో తరగతితో ఆగింది కూడా ఇలాగే, "ఈ ఒక్క ఏడు ఇంటికాడ ఉండు" అన్న మాటతోనే. మళ్లీ బడి మొహం చూడలేదు.

"ఒక్క పూట పిల్ల పక్కన కూసోని సూడు. నీకు బడి లెక్క అనిపియ్యకుంటె తోలుకపో, నేను అడ్డం రాను," అంది. అనేసి వెంటనే నాలుక కరుచుకుంది.

శనివారం పొద్దున చైతన్యపురిలోని ఆ ఒంటిగది కిరాయి ఇంట్లో హడావుడే హడావుడి. పిల్లకు రెండు జడలు, ఇస్త్రీ యూనిఫాం. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, కొత్త బండికి చేసినట్టు అంచులకు పసుపు రాసి, నడినెత్తిన తడి కుంకుమతో ఇంత బొట్టు పెట్టింది. ఫోన్‌కు నెత్తిన ఉండేది కెమెరా అని ఆ తల్లికి తట్టలేదు.

మహిపాల్ వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు. క్లాసు మొదలైంది.

"జ్యోతికా, ఏంటమ్మా అంతా ఎర్రగా ఉంది? అసలు నువ్వెక్కడున్నావ్?" అంది విజయదుర్గ టీచర్. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆవిడ. క్లాసు పిల్లలంతా పకపకా నవ్వారు.

"సూసినవా? గిదీ మీ బడి!" అంటూ మహిపాల్ తువ్వాలతో కుంకుమ తుడిచాడు. తెర నిండా అతని మీసాలే కనిపించాయి.

"ఎవరండీ? జ్యోతిక నాన్నగారా?"

అంతే. మహిపాల్ చటుక్కున లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "అవును టీచర్," అన్నాడు సన్నగా. ఇప్పుడు తెర మీద లుంగీ తప్ప ఏమీ లేదు. అవతల నవ్వులు రెట్టింపయ్యాయి.

"నాన్నా, కూసో!" అని జ్యోతిక చెయ్యి పట్టి లాగింది. కూర్చుంటే ఒట్టు. "కూర్చోండి, పర్లేదు" అని టీచర్ అన్నాకే కూర్చున్నాడు. జ్యోతిక ఎనిమిదో ఎక్కం గడగడా అప్పజెప్పుతుంటే కట్టుకున్న చేతులు విప్పకుండానే విన్నాడు. తల్లి కళ్లు మాత్రం సంతోషంతో చెమ్మగిల్లాయి.

క్లాసు అయిపోగానే సంధ్యారాణి ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఫోన్ల బడే లేదంటివి. మరి ఎవర్ని సూసి లేసి నిలబడ్డవయ్యా?"

మహిపాల్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అంతలో ఊరి నుంచి అతని తల్లి కౌసల్యమ్మ ఫోన్ చేసింది, రేపు పిల్లను తీసుకుని ఏ పొద్దుకు వస్తున్నావని.

మహిపాల్ ఒకసారి కూతురి వైపు చూశాడు.

"వస్తలేమమ్మా," అన్నాడు. "పిల్లకు బడి ఉన్నది."